కుంగిన టేకు దూలానికి ఇనుప ఛానళ్ళు బిగించవచ్చా? బిగించవచ్చు, ముందు భారం దించాలి

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. కాకినాడ దగ్గర మీ తాతగారు కట్టిన ఇల్లు. హాలు మీద మద్రాసు టెర్రస్, అంటే ఇటుకా సున్నం కప్పు. హాలు నడుమ అడ్డంగా ఒకే ఒక టేకు దూలం, గోడకూ గోడకూ మధ్య పదహారు అడుగులు. దూలం వెడల్పు 8 అంగుళాలు, ఎత్తు 12 అంగుళాలు. రెండు వైపుల నుంచీ ఎనిమిదేసి అడుగుల చిన్న దూలాలు, అంటే దంతెలు, వచ్చి దాని మీద ఆనుతున్నాయి. దారం కట్టి చూస్తే నడిమధ్య అంగుళంన్నర కుంగింది. ఫ్యాబ్రికేషన్ పని చేసే ఆయన రెండు పక్కలా 8 అంగుళాల ఇనుప ఛానళ్ళు, అంటే సి అక్షరం ఆకారపు ఉక్కు కడ్డీలు, బోల్టులతో బిగిద్దామన్నారు. వడ్రంగి దూలాన్ని కింద నుంచి నిలువునా కోసి మధ్యలో ఇనుప ప్లేటు దూర్చుదామన్నారు. ఇంజనీరైన మీ బంధువు దూలం తీసేసి ఐ-సెక్షన్, అంటే ఐ అక్షరం ఆకారపు ఉక్కు దూలం, వేసేయమన్నారు. ముగ్గురిలో ఎవరి మాట వినాలని అడిగారు.

ముప్ఫై ఏళ్ళుగా పాత ఇళ్ళ మరమ్మతులే నా పని. దూలం చివరలు గట్టిగా ఉంటే ఛానళ్ళ మాటే సరైనది. అయితే ఛానళ్ళు బిగించేముందు చేయాల్సిన పని ఒకటుంది, అది మీకెవరూ చెప్పినట్టు లేదు. ఆ పని చేయకుండా బిగించిన ఇనుము దూలానికి బరువే తప్ప బలం కాదు. దాని కోసమే ఇంత పొడుగు సమాధానం రాస్తున్నాను.

కర్రనూ ఇనుమునూ ఎందుకు కలుపుతామో ముందు చూద్దాం. ఉక్కు, మంచి టేకు కంటే సుమారు ఇరవై రెట్లు బిర్రుగా ఉంటుంది. అంటే ఒకే బరువుకు వంగడంలో 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు ప్లేటు, అదే ఎత్తున్న 200 మిల్లీమీటర్ల మందపు టేకుతో సమానం. మరి ఒట్టి ప్లేటే నిలబెట్టి దూలంగా వాడకూడదా అని అడగవచ్చు. పిల్లల ప్లాస్టిక్ స్కేలును అంచు మీద నిలబెట్టి, రెండు చివరలా పట్టించి, మధ్యలో వేలితో నొక్కి చూడండి. కిందికి వంగకముందే పక్కకు మెలి తిరిగి ఒరిగిపోతుంది. అదే స్కేలును రెండు పుస్తకాల మధ్య పెట్టి బిగిస్తే నిలుస్తుంది. ఇనుమూ కర్రా కలిసిన దూలంలో జరిగేది ఇదే. ఇనుము పక్కకు ఒరగకుండా కర్ర పట్టుకుంటుంది, కర్ర కిందికి కుంగకుండా ఇనుము పట్టుకుంటుంది.

ఇది కొత్త కిటుకు కాదు. రెండు కర్ర బద్దల మధ్య ఇనుప పలక పెట్టి బోల్టులు బిగించే పద్ధతి, ఫ్లిచ్ బీమ్ అనే పేరుతో, పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ విరివిగా సాగింది. ఫ్యాక్టరీల్లో ఐ-సెక్షన్లు చవకగా దొరకడం మొదలయ్యాక వెనకబడింది. పూర్తిగా పోలేదు. అమెరికాలో కర్ర ఇళ్ళలో ఉంటున్న మన వాళ్ళు వంటింటికీ హాలుకూ మధ్య గోడ తీయించుకున్నప్పుడు ఆ ఖాళీ మీద వేసే దూలాల్లో ఇప్పటికీ ఇది కనిపిస్తుంది. మన దగ్గర దీని అవసరం ఎక్కువగా మీలాంటి ఇళ్ళలోనే వస్తుంది. దూలం బాగానే ఉంటుంది, కొంచెం చాలదు, అంతే.

మీ దూలం ఇప్పుడు ఎంత మోస్తోందో లెక్క వేద్దాం. మద్రాసు టెర్రస్ అంటే టేకు దంతెల మీద ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉండే చిన్న ఇటుకలను సున్నంలో అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేరుస్తారు. దాని మీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పోసి రోజుల తరబడి కొట్టి గట్టిపరుస్తారు. ఆపైన చదును పెంకులు. ఇదంతా కలిపి చదరపు మీటరుకు దాదాపు 450 కిలోలు. డాబా మీద మనుషులు తిరిగేందుకు మన ప్రమాణాల ప్రకారం మరో 150 కిలోలు లెక్కలోకి తీసుకోవాలి. దూలం మీదకు వచ్చే వెడల్పు ఎనిమిది అడుగులు, అంటే 2.4 మీటర్లు. పొడవు 5 మీటర్లు అనుకుంటే మొత్తం 7.2 టన్నులు. అందులో 5.4 టన్నులు పగలూ రాత్రీ దిగని బరువు.

ఆ బరువుకు మీ దూలంలో వంపు ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 15 న్యూటన్లు వస్తుంది. మంచి టేకుకు నేను 14 వరకు ఒప్పుకుంటాను. కాబట్టి దూలం గీత మీద ఉంది, కొంచెం దాటింది. వంగడం చూస్తే, పూర్తి బరువుకు 26 మిల్లీమీటర్లు. పొడవులో 240వ వంతు, అంటే 21 మిల్లీమీటర్లు దాటకూడదన్నది కర్ర కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 883 నియమం. అక్కడ కూడా చాలడం లేదు.

మరి మీరు కొలిచింది అంగుళంన్నర, అంటే 38 మిల్లీమీటర్లు కదా, దూలం విరగబోతోందా అని భయపడకండి. పుస్తకాల అరలో చెక్క మొదటి రోజు తిన్నగా ఉండి, పదేళ్ళకు అదే పుస్తకాల కింద కిందికి వంగిపోవడం చూసే ఉంటారు. పుస్తకాలు తీసేసినా పూర్తిగా లేవదు. దీర్ఘకాలం మోసిన కర్ర మొదట వంగినదానికి దాదాపు రెట్టింపు వంగడం మామూలే. దిగని బరువు 5.4 టన్నులకు మీ దూలం మొదట్లో 19, 20 మిల్లీమీటర్లు వంగి ఉంటుంది. దాన్ని రెట్టింపు చేస్తే సరిగ్గా మీరు కొలిచిన అంకె వస్తుంది. ఈ లెక్క కుదరడం నాకు ఊరట కలిగించింది. దూలంలో ఎక్కడా విరుపు లేదని ఇదొక్కటే రుజువు చేయదు గానీ, అది తన బరువును తను అర్థమయ్యే తీరులోనే మోస్తోందని చెబుతుంది. అంగుళంన్నర చోట మూడంగుళాలు వచ్చి ఉంటే నేనిలా రాసేవాణ్ణి కాదు. వెంటనే కింద రెండు పోటీలు, అంటే నిలువు ఊతలు, పెట్టించి, ఆ హాల్లో ఎవరినీ పడుకోనివ్వవద్దనేవాణ్ణి.

ఇప్పుడు ఛానళ్ళు కలిపి చూద్దాం. 8 అంగుళాల ఛానల్, అంటే ఐఎస్ఎంసీ 200, మీటరుకు 22 కిలోలు. అలాంటివి రెండు, వీపు దూలానికి ఆనేలా రెండు పక్కలా నిలబెడితే, ఆ జంట బిర్రుదనం మీ దూలం బిర్రుదనానికి ఒకటిన్నర రెట్లకు పైనే. కలిసి పనిచేస్తే వచ్చే బరువులో 62 శాతం ఇనుము తీసుకుంటుంది, 38 శాతం కర్ర తీసుకుంటుంది. ఛానళ్ళకు బదులు 10 మిల్లీమీటర్ల మందం, 250 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ప్లేట్లు రెండు బిగించినా ఇనుము దాదాపు 54 శాతం తీసుకుంటుంది. ప్లేట్ల జంట 196 కిలోలు, ఛానళ్ళ జంట 221 కిలోలు. ఇంచుమించు అదే ఇనుముతో ఛానల్ నలభై శాతం ఎక్కువ బిర్రు. పైగా దానికి అంచులుంటాయి కాబట్టి పక్కకు ఒరగదు. అందుకే ఫ్యాబ్రికేషన్ ఆయన ఎంపిక మంచిదన్నాను.

ఈ 62, 38 లెక్క వేసేటప్పుడు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. కర్ర కాలంతో పాటు మెత్తబడుతుంది, ఇనుము మెత్తబడదు. కాబట్టి లెక్క రెండుసార్లు వేయాలి. ఒకసారి కర్ర బిర్రుదనాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవాలి, అప్పుడు కర్ర మీద పడేది తెలుస్తుంది. రెండోసారి సగానికి తగ్గించి తీసుకోవాలి, అప్పుడు ఇనుము మీద పడేది తెలుస్తుంది. మీ దూలానికి రెండో లెక్కలో ఇనుము వాటా 76 శాతానికి పెరుగుతుంది. అయినా ఛానళ్ళలో ఒత్తిడి 95 న్యూటన్ల దగ్గరే ఆగుతుంది. మామూలు ఉక్కు 165 వరకు మోయగలదు. కాబట్టి ఛానల్ సైజు సరిపోతుంది.

అసలు సంగతికి వస్తున్నాను. ఈ వాటాలన్నీ ఇనుము బిగించిన తర్వాత వచ్చే బరువుకే వర్తిస్తాయి. ఇప్పటికే దూలం మీద ఉన్న 5.4 టన్నులు దూలంలోనే ఉన్నాయి. దూలం వాటికి వంగాల్సినంతా వంగి ఊరుకుంది. మీరు వెళ్ళి పక్కన తిన్నని ఛానళ్ళు పెట్టి బోల్టులు ఎంత బిగించినా, ఆ బరువులో ఒక్క కిలో కూడా ఇనుములోకి జరగదు. బరువు ఇనుములోకి రావాలంటే ఇనుము వంగాలి. అది వంగాలంటే దూలం ఇంకా కిందికి దిగాలి. కొత్త కర్ర అయితే కాలక్రమంలో దిగుతూ కొంత బరువు ఇనుముకు ఇచ్చేది. మీ దూలం దిగాల్సినదంతా ఏనాడో దిగిపోయింది.

అంకెల్లో చూడండి. భారం దించకుండా బిగిస్తే దూలంలో ఒత్తిడి 15 నుంచి 12.7కు తగ్గుతుంది. ఛానళ్ళలో వచ్చేది 19 మాత్రమే. అంటే రెండు వందల కిలోలకు పైగా ఇనుము కొని, గోడలు తవ్వి, దూలానికి నిండా బెజ్జాలు పెట్టి సాధించింది అంతే. అదే దూలాన్ని ముందు జాకీలతో నడిమధ్య 10 మిల్లీమీటర్లు లేపి, అప్పుడు ఛానళ్ళు బిగించి, తర్వాత జాకీలు వదిలితే, దిగని బరువులో సగాన్ని కర్రా ఇనుమూ పంచుకుంటాయి. దూలంలో ఒత్తిడి 9 దగ్గరకు వస్తుంది. రెండు పద్ధతులకూ ఇనుము ఒకటే, బోల్టులు ఒకటే. తేడా అంతా ఆ 10 మిల్లీమీటర్లలో ఉంది.

జాకీల కంటే ముందు చేయాల్సింది ఇంకోటుంది, డాబా ఎక్కండి. బందరు వైపు ఒక ఇంట్లో ఇలాగే దూలం కుంగిందని పిలిస్తే వెళ్ళాను. ఇంటివాళ్ళు ఇనుము ధర అడుగుతున్నారు. నేను ఒక కూలీని పైకి తీసుకెళ్ళి జానెడు వెడల్పున గుంట తవ్వించాను. పైన కొత్త టైల్స్. వాటి కింద సిమెంటు కాంక్రీటు. దాని కింద నల్లటి తారు పొర. దాని కింద మళ్ళీ సిమెంటు కాంక్రీటు. ఆ తర్వాత గానీ పాత చదును పెంకులు తగల్లేదు. వాన కారినప్పుడల్లా ఒక తరం వాళ్ళు ఒక పొర వేసుకుంటూ పోయారు. కొలిస్తే కొత్త పొరలే నాలుగంగుళాలు. మీ హాలంత హాలుకు నాలుగంగుళాల సిమెంటు కాంక్రీటు అంటే ఆ ఒక్క దూలం మీదే దాదాపు మూడు టన్నులు. వాటిని జాగ్రత్తగా ఒలిచేసి, పాత సున్నపు పొరను బాగుచేసి, పైన పలచటి పెంకులు పరిపించాం. దూలం దానంతట అదే కొంత లేచింది. ఆ ఇంటికి ఇనుము అవసరమే పడలేదు. మీ డాబా మీద ఏముందో మీరు రాయలేదు. నేను వేసిన లెక్క అసలు కట్టడానికే. పైన పొరలు పెరిగి ఉంటే అంకెలు మారతాయి, మొదటి పని వాటిని తీయడమే అవుతుంది. రాయలసీమ మట్టి మిద్దెల్లోనూ ఇదే కథ. ఏటా చౌడు పోసుకుంటూ పోతారు. అడుగు మందం మట్టి అంటే చదరపు మీటరుకు అర టన్ను.

తర్వాత దూలం చివరలు చూడాలి. నడుమ ఎంత గట్టి కర్ర ఉన్నా, గోడలో దూరిన అడుగు పొడవే దాని ఆయుష్షును తేలుస్తుంది. గోడలోకి నీరు దిగుతుంది, గాలి ఆడదు. పైగా ఎవరో ఎప్పుడో ఆ సందును సిమెంటుతో మూసి ఉంటారు. సున్నమైతే తేమను బయటికి వదిలేది, సిమెంటు లోపలే పట్టి ఉంచుతుంది. నేనొకసారి చూసిన దూలం పైకి అద్దంలా ఉంది. సుత్తితో నడుమ కొడితే గంటలా పలికింది. గోడకు నాలుగంగుళాల ఇవతల కొడితే మాట మారింది, అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపించింది. సన్నటి స్క్రూడ్రైవర్ ఆనించి నెమ్మదిగా తోస్తే పిడి దాకా దిగిపోయింది. వెనక్కి లాగితే మొన మీద తడి మట్టి, తెల్లటి చెదలు. మీరు కూడా రెండు చివరలా గోడ చుట్టూ పూత ఒలిపించి, మూడు వైపులా ఇలా తోసి చూడండి. టేకు చేవకు చెద తొందరగా పట్టదు, కానీ చేవ లేని పై పొర ఉంటే అక్కడ మొదలవుతుంది. అర అంగుళం కంటే లోతుగా దిగితే ఇక్కడితో ఆగి, దగ్గరలో ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరును ఇంటికి రప్పించండి. అప్పుడు పరిష్కారం వేరు.

వడ్రంగి మాట గురించి. కొత్త దూలం నేల మీద చేసేటప్పుడు రెండు బద్దల మధ్య ప్లేటు పెట్టడం అందమైన పని. ఇనుము కనపడదు, నిప్పు వచ్చినా కర్ర దాన్ని కాపాడుతుంది. నిప్పులో కర్ర నిమిషానికి అర మిల్లీమీటరు, ముప్పాతిక మిల్లీమీటరు చొప్పున బొగ్గవుతూ లోపలికి పోతుంది. అదే బయట ఉన్న ఉక్కు 550 డిగ్రీల దగ్గర బలంలో సుమారు సగం కోల్పోతుంది. ఇవన్నీ నిజమే. కానీ ఏడు టన్నులు మోస్తున్న దూలాన్ని కింద నుంచి రంపంతో కోయడం వేరు. కర్రకు లాగుడు అంతా కింది అంచులోనే ఉంటుంది, మీరు కోసేది సరిగ్గా అదే. పూర్తిగా పోటీలు పెట్టినా కోత తిన్నగా పోదు, పీచు దిశ మారిన చోట రంపం పక్కకు లాగుతుంది. మీ ఇంట్లో ఆ పని వద్దు.

ఇంకొందరు ఒక ప్లేటును దూలం కింద పడుకోబెట్టి మరలతో బిగించమంటారు, తేలిక కాబట్టి. 200 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లేటును పడుకోబెట్టినప్పటి కంటే నిలబెట్టినప్పుడు నాలుగు వందల రెట్లు బిర్రుగా ఉంటుంది. పడుకోబెట్టింది పనిచేయాలంటే అది కర్ర మీద వెంట్రుకవాసి కూడా జారకుండా పొడవునా అతకాలి. నాలుగు మరలతో అది జరగదు.

మీ బంధువు మాటలో తప్పు లేదు. ఐఎస్ఎంబీ 250 ఐ-సెక్షన్ ఒక్కటే ఈ బరువంతా మోస్తుంది, 187 కిలోలే ఉంటుంది, పని కూడా సాఫీ. కొత్త ఇల్లైతే నేనూ అదే చెబుతాను, ఊరికే కర్రా ఇనుమూ కలపమనను. కానీ దూలం తీయాలంటే దాని మీద ఆనిన దంతెలన్నింటినీ రెండు వరుసల పోటీల మీదకు ఎత్తాలి. వందేళ్ళ సున్నపు కప్పు ఆ ఎత్తిదింపులకు పగలకుండా ఉండడం కష్టం. దూలం చివరలు కుళ్ళాయని తేలితే మాత్రం ఆయన మాటే వినండి.

ఇక చేసే పద్ధతి. పైన డాబా మీద ఎవరూ ఉండకూడదు. దూలం కింద మూడోవంతు, మూడింట రెండో వంతు దగ్గర రెండు పోటీలు, వాటి కింద 10 టన్నుల స్క్రూ జాకీలు. హైడ్రాలిక్ జాకీ వద్దు, రాత్రికి నూనె దిగి జారిపోవచ్చు. జాకీని గచ్చు మీద నేరుగా పెట్టకుండా, కింద నాలుగడుగుల పొడవు మందపాటి పలక పరవండి. ఒక్కో పోటీ మీద టన్నుకు పైగా వస్తుంది, పాత ఇళ్ళ గచ్చు కింద ఒట్టి మట్టే ఉంటుంది. పోటీ తల మీద కూడా అడుగు పొడవు టేకు ముక్క పెట్టండి, లేకపోతే జాకీ ఇనుము దూలంలోకి దిగబడుతుంది. గోడ నుంచి గోడకు సన్నటి దారం బిగించి, రోజూ పొద్దున ఒకే వేళకు కొలత తీసుకోండి. రోజుకు 2 మిల్లీమీటర్లకు మించి లేపవద్దు. కప్పు లోపలి పూతలో కొత్త బీటలు కనిపిస్తే ఆ రోజు ఆపేయాలి. దూలాన్ని తిన్నగా చేయాలన్న పట్టుదల అసలే వద్దు. 38లో సగం కర్రలో స్థిరపడిపోయిన వంపు, అది రాదు. బలవంతాన రప్పిస్తే కప్పు పగులుతుంది. 10, 12 మిల్లీమీటర్లు లేస్తే మన పని అయినట్టే.

ఛానళ్ళను గోడ దగ్గర ఆపేయకుండా, రెండు చివరలా గోడలోకి కనీసం ఆరంగుళాలు పోనివ్వండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. గోడ అంచుకే ఛానల్ కోసేస్తే, అది మోసిన రెండు టన్నుల పైచిలుకు బరువు చివరి బోల్టుల గుండా తిరిగి దూలంలోకే వస్తుంది. కర్ర చీలేది అక్కడే. గోడలో ఛానల్ కింద అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు కాంక్రీటు దిమ్మ పోయించండి, సున్నపు ఇటుక గోడ నలగకుండా ఉంటుంది. గోడకూ గోడకూ మధ్య ఉన్న దూరం కంటే పొడవైన ఛానల్ లోపలికి ఎలా వెళ్తుందని మేస్త్రి అడుగుతారు. ఒక గోడలో గూడు పదమూడంగుళాల లోతు తవ్వాలి. ఛానల్‌ను ఆ గూట్లోకి పూర్తిగా దూర్చి, రెండో చివరను ఎదుటి గోడ గూటికి ఎదురుగా తెచ్చి, అటు లాగాలి. పాత గోడలు పద్దెనిమిది అంగుళాలుంటాయి కాబట్టి వీలవుతుంది. ఛానల్‌ను నడుమ ముక్కలు చేసి అతకడానికి ఒప్పుకోవద్దు.

బోల్టులు 16 మిల్లీమీటర్లవి. రెండు వరుసలు, ఒకటి పైకి ఒకటి కిందికి మారుస్తూ, 400 మిల్లీమీటర్ల ఎడంతో. వరుసల మధ్య ఎత్తు 100 మిల్లీమీటర్లు చాలు. వరుసలు మరీ దూరమైతే, ఎండకూ వానకూ కర్ర కుదించుకుని పెరిగేటప్పుడు ఇనుము అడ్డుపడి నడుమ చీలుస్తుంది. గోడ దగ్గర రెండేసి బోల్టులు ఒకదాని మీద ఒకటి. దూలం కింది అంచు నుంచి మూడున్నర అంగుళాల లోపు ఎక్కడా బెజ్జం పడకూడదు. ఇలా వేస్తే ఒక్కో బోల్టు మీదకు 450 కిలోలకు మించి రాదు, ఎనిమిదంగుళాల టేకు దాన్ని సునాయాసంగా మోస్తుంది. ఛానల్ బెజ్జాలు ముందు కింద వేయించి, ఆ ఛానల్‌నే అచ్చుగా దూలానికి ఆనించి కర్రలో బెజ్జాలు పెట్టండి. ఎనిమిదంగుళాల కర్రలో బరమా ఒక పక్క నుంచే పోతే అటు వైపు వేరే చోట తేలుతుంది. రెండు పక్కల నుంచీ సగం సగం పెట్టాలి. కర్ర బెజ్జం బోల్టు కంటే ఒక మిల్లీమీటరే వదులుండాలి. బెజ్జం ఎంత వదులైతే ఇనుము అంత ఆలస్యంగా పనిలోకి వస్తుంది, మనం లేపింది 10 మిల్లీమీటర్లే అని మరవకండి. పాత దూలాలు బాడిసతో చెక్కినవి, ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఛానల్ ఆనని చోట బోల్టు దగ్గర పలచటి ఇనుప రేకు ముక్కలు పెట్టి ఖాళీ నింపండి.

వెల్డింగ్ పనంతా పెరట్లోనే. ఇంట్లో దూలం పక్కన ఒక్క నిప్పురవ్వ కూడా పడకూడదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పనిలో, దూలానికి ఆనిన ఇనుప బిళ్ళను సాయంత్రం అక్కడే వెల్డింగ్ చేశారు. నేను అక్కడే ఉండి, పది నిమిషాల పనే కదా అని ఒప్పుకున్నాను. అందరూ వెళ్ళిపోయారు. రాత్రి పదకొండింటికి పక్కింటివాళ్ళు పొగ వాసనని ఫోను చేశారు. దూలానికీ దంతెకూ మధ్య సందులో వందేళ్ళ దుమ్ము, పిచ్చుక గూళ్ళ పీచు. రవ్వ అందులో పడి ఆరు గంటలు లోలోపల రాజుకుంది. మంట లేవకముందే నీళ్ళు పోయగలిగాం. ఆ దూలంలో అరచేయంత బొగ్గు మచ్చ మిగిలింది. అప్పటి నుంచి నా పనుల్లో బెజ్జాలన్నీ ముందే, జోడింపంతా బోల్టులతోనే.

మీది సముద్రం దగ్గరి ఊరు కాబట్టి ఉత్త రెడ్ ఆక్సైడ్ చాలదు. బెజ్జాలు వేశాక ఛానళ్ళకు గాల్వనైజింగ్ చేయించండి, బోల్టులు కూడా అవే తీసుకోండి. తడి తగిలిన కర్రలో మామూలు ఇనుప మేకు చుట్టూ నల్లటి మరక చూసే ఉంటారు, అక్కడ ఇనుమూ కర్రా రెండూ దెబ్బతింటున్నట్టు. రాగి కలిసిన చెదల మందు పూసిన కర్ర అయితే గాల్వనైజింగ్ కూడా తొందరగా పోతుంది, అలాంటి మందు పూయించే ముందు ఒకసారి అడగండి. గోడ గూట్లో దూలం చివర చుట్టూ సిమెంటు నింపకుండా వేలెడు ఖాళీ గాలికి వదలండి.

బోల్టులన్నీ బిగిశాక, గోడల దిమ్మలకు కనీసం రెండు వారాలు నీళ్ళు పట్టి గట్టిపడనివ్వండి. ఆ తర్వాతే జాకీలు దించాలి, లేపినంత నెమ్మదిగా, రెండూ సమానంగా, రోజుకు 2 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్లు లేపితే, జాకీలు పూర్తిగా వదిలాక దూలం అందులో 4 మిల్లీమీటర్ల దాకా వెనక్కి దిగుతుంది. అది ఛానళ్ళు బరువు అందుకున్న గుర్తు. 8 దాకా వచ్చిందంటే బోల్టులు వదులుగా ఉన్నాయి, మళ్ళీ జాకీ ఎక్కించి బిగించాలి. ఆ రోజు దారం కొలతను దూలం పక్కన గోడ మీద పెన్సిలుతో తేదీ వేసి రాసి ఉంచండి. మొదటి వేసవి చివర ఒకసారి, మొదటి వానాకాలం చివర ఒకసారి నట్లన్నీ మళ్ళీ బిగించి, దారం కట్టి, ఆ అంకె పక్కనే కొత్త అంకె రాయండి. ఈలోగా చివరలు తోసి చూసిన ఫోటోలూ, డాబా మీద తవ్విన గుంట లోతూ ఇక్కడ పెడితే, లెక్క మీ ఇంటి అంకెలతో మళ్ళీ వేసి చెబుతాను.